పాత రాజ్‌దూత్ మళ్ళీ తిరగాలంటే

కుప్పనూర్పులయ్యాక కొంత తెరిపి దొరుకుతుంది. కొట్టంలో మూలపడిన రాజ్‌దూత్‌ను అప్పుడు బయటికి తీయండి. వెంటనే కిక్కు కొట్టవద్దు. టాంకులోని పాత పెట్రోలు పూర్తిగా వంపివేయవలెను. నిలవ పెట్రోలు జిగురుకట్టి కార్బురేటరు జెట్టును మూసివేస్తుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాలు తేమను పీల్చి టాంకుకు తుప్పు తెస్తుంది. జెట్టును ఇనుప తీగతో పొడవకండి, బెజ్జం పెద్దదవుతుంది. గాలి ఊదితే చాలు.

ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిలు పోసి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కి చూడండి. పిస్టను కదిలిందా, మీ అదృష్టం. కదలకుంటే బలవంతం చెయ్యక, రాత్రంతా నాననివ్వండి.

ఇది టూ స్ట్రోకు ఇంజను. ఆయిలు పెట్రోలులోనే కలపాలి. ఉత్త పెట్రోలు పోస్తే పిస్టను పట్టేస్తుంది.

ఇంజను మొరాయిస్తే నడిచి వస్తారు, బ్రేకు మొరాయిస్తే ఎలా? అరిగిన బ్రేకు షూలు మార్చేదాకా పిల్లలను వెనుక ఎక్కించుకోవద్దు.