మన కష్టానికి ఒక కాగితం
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. పొదుపు గురించి మీకు నేను చెప్పేదేముంది? మీరే నాకు నేర్పించారు. అందుకని ఈ రోజు కూలి గురించి చెప్తాను. కూలోళ్ల పక్షాన నిలబడిన ఒక లాయరు గురించి కూడా చెప్తాను.

ముందు మా ఇంటి సంగతి. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం అది. మాయమ్మ ఒక మిల్లులో కూలికి పోయేది. ఒక రోజు మిషను బెల్టులో చెయ్యి పడింది. కుడిచేతి రెండు వేళ్లు పోయినాయి. ఓనరు ఆస్పత్రి ఖర్చు పెట్టి, చేతిలో ఐదు వేలు పెట్టి, ఒక తెల్ల కాగితం మీద మాయమ్మ ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితంలో తర్వాత ఏం రాసుకున్నారో మాకు ఇప్పటికీ తెలియదు. నా చదువు అక్కడితో ఆగిపోయింది.

మూడేళ్ల తర్వాత ఎవరో చెప్తే ఒక లాయరు దగ్గరకు పోయినాం. ఆయన మంచాయనే. మాయమ్మ చెయ్యి చూసి, "పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇయ్యాలని 1923 నుంచే చట్టం ఉందమ్మా" అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అడిగాడు: "ఆ మిల్లులో నువ్వు పనిచేసినట్టు ఏదైనా కాగితం ఉందా? నీ కూలి ఎంతో రాసిన చీటీ ఉందా? నీతో పనిచేసినోళ్లు వచ్చి చెప్తారా?" కాగితం లేదు, చీటీ లేదు. పక్కన పనిచేసినోళ్లు, ఉన్న కూలి కూడా పోతుందని భయపడి రామన్నారు. పైగా రెండేళ్లలోగా అడగాలంట, ఆ గడువూ దాటిపోయింది. మాయమ్మ ఏమీ అనకుండా చెయ్యి కొంగులో దాచుకుని లేచొచ్చింది.

ఆ రోజు లాయరు మీద కోపం వచ్చింది నాకు. ఇప్పుడు లేదు. లాయరు మన చేతిలో ఉన్నదాన్ని పట్టుకునే వాదిస్తాడు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇప్పుడు నేను చెప్తానన్న లాయరు సంగతి. మన పిల్లోళ్ల బడి గోడ మీద రాష్ట్రపతుల పటం ఉంటుంది కదా. అందులో నాలుగో ఆయన వి.వి. గిరి, వరాహగిరి వెంకటగిరి. తెలుగాయన. ఆయన కార్మికుల లాయరని న్యాయ విజ్ఞాన సదస్సులో విన్నదాకా నాకూ తెలియదు.

1894లో బరంపురంలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తండ్రి జోగయ్య గారు కూడా లాయరే. తల్లి సుభద్రమ్మ గారు మద్యపానానికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపి అరెస్టయ్యారు. దూబగుంట మన పక్కనే ఉండాది, సారా పోరాటం చేసిన ఆడోళ్ల మధ్య పెరిగిన మనకు ఆమె కొత్త మనిషేం కాదు. గిరి గారు 1913లో ఐర్లండు పోయి లా చదివి, 1916లో తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. నాలుగు డబ్బులు సంపాదించుకునే దారే అది. అయినా స్వాతంత్ర్య ఉద్యమంలో ప్రాక్టీసు వదిలేసి జైలుకు పోయారు. తర్వాత రైల్వే కార్మికుల్లోకి పోయారు.

వాల్తేరు నుంచి హౌరా పోయే లైనును అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే అనేవాళ్లు. ఖరగ్‌పూర్‌లో దాని పెద్ద వర్క్‌షాపు ఉండేది. మన తెలుగోళ్లు చాలామంది బతుకుతెరువు కోసం అక్కడికి పోయి పనిచేశారు. 1928లో ఆ రైల్వే కార్మికులను గిరి గారు కూడగట్టి, చెయ్యి చేసుకోకుండా సమ్మె నడిపించారు. కంపెనీ కార్మికుల కోరికలు ఒప్పుకోక తప్పలేదు. కంపెనీ ఇంగ్లీషోళ్లది, సర్కారు ఇంగ్లీషోళ్లదే. మరి కూలోళ్లు దేనితో గెలిచారు? అందరూ ఒక్క మాట మీద ఉండారు, అంతే.

స్వతంత్రం వచ్చినాక 1952లో గిరి గారు కేంద్రంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ తీర్పు ఇస్తే, తన ప్రభుత్వమే దాన్ని మార్చింది. ఆయన 1954లో మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికొచ్చారు. తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు, 1975లో భారతరత్న ఇచ్చారు. నాకైతే ఆ రాజీనామానే పెద్దగా కనిపిస్తుంది.

ఇంకొక మాట నాకు బాగా పట్టుకుంది. తాను లాయరై ఉండి కూడా, ప్రతిదానికీ కోర్టుకు పోవద్దనేవారు. కార్మికులు ముందు సంఘంగా కూడాలి, యాజమాన్యంతో ఎదురుగా కూర్చుని మాట్లాడి తేల్చుకోవాలి అనేవారు. దాన్నే గిరి విధానం అంటారు. సంఘం ఉన్నోళ్ల మాట యజమాని వింటాడు. ఒంటరిగా పోయినోళ్లను గేటు దగ్గరే ఆపేస్తాడు. మాయమ్మ ఒంటరిగా పోయింది.

అక్కలారా, మనకు సంఘం ఉంది. రాసుకునే అలవాటు కూడా ఉంది. మీటింగుకు ఆలస్యంగా వస్తే ఐదు రూపాయల జరిమానా పుస్తకంలో రాస్తాం. వాయిదా ఒక నెల తప్పితే రాస్తాం. తీర్మానం కింద అందరం సంతకాలు పెడతాం. మరి నిమ్మతోటలకు పోతాం, మేస్త్రీ వెంట మద్రాసుకు బిల్డింగు పనులకు పోతాం, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడతాం. ఆ రోజులు ఎక్కడన్నా రాసుకున్నామా? అప్పుకు లెక్క ఉంది. కష్టానికే లెక్క లేదు.

అందుకే నేను అడిగేది చిన్న పని. ప్రతి సంఘంలో ఒక నోటుపుస్తకం పెడదాం. ఎవరు, ఎవరి దగ్గర, ఏ తారీకున, ఎంత కూలికి పనిచేశారో వారం వారం రాద్దాం. మేస్త్రీ పేరు, ఫోన్ నెంబరు రాద్దాం. కూలి ఫోన్ పేలో పంపిస్తే ఆ మెసేజీ చెరపొద్దు. దెబ్బ తగిలితే అదే రోజు ఫోటో తీయండి, ఆస్పత్రిలో ఎక్కడ ఎట్లా తగిలిందో చెప్పి చీటీలో రాయించండి. పరిహారం లెక్క కూలిని బట్టి, వయసును బట్టి, దెబ్బను బట్టి కడతారు. కూలి రుజువు లేకపోతే మన లెక్క తగ్గిపోతుంది. తెల్ల కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు, కన్నబిడ్డ అడిగినా సరే.

లాయరు ఫీజుకు భయపడొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడోళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేయొచ్చు. కోర్టులో ఉండే న్యాయ సేవా సంస్థ దగ్గరకు నేరుగా పోయి అడగొచ్చు. ఒక్కరే పోవద్దు. సంఘం నుంచి ఇద్దరు తోడు పోండి, ఆ పుస్తకం తీసుకుపోండి.

మా సంఘంలో ఈ పుస్తకం మొదలుపెట్టి ఏడు నెలలైంది. మొన్న ఒక మేస్త్రీ మా సభ్యురాలికి పద్దెనిమిది రోజుల కూలి ఎగ్గొట్టబోయాడు. మేం పదిమందిమి పుస్తకం తీసుకుని పోయినాం. కోర్టు దాకా పోలేదు, కేకలూ వేయలేదు. తారీకులు చదివినాం. మూడో పేజీ కాడికి వచ్చేసరికి డబ్బులు ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి మాయమ్మకు చెప్పినా. ఆమె ఆ పుస్తకాన్ని మూడు వేళ్ల చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. చదవడం రాదు. "ఇందులో నా పేరు కూడా రాయి" అనింది. "పనికి పోవడంలేదు కదమ్మా" అంటే, "అయినా రాయి" అనింది. మొదటి పేజీలో రాసినా.

ఈ సమావేశంలోనే దీని మీద తీర్మానం చేయాలని కోరుతున్నాను.