క్రీడాకారుని బలము, మిత్రుని దానము

న్యూజిలాండు దేశపు రగ్బీ క్రీడాకారుడు జోనా లోము చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని. ఆ ఆట మన పల్లెలలో అంతగా లేదు గనుక, ముందుగా దాని స్వరూపమును రెండు మాటలలో చెప్పెదను.

రగ్బీ బంతి కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. పక్షమునకు పదునైదుగురు చొప్పున ఎనుబది నిమిషములు ఆడుదురు. బంతిని చంకనిడుకొని పరుగెత్తవచ్చును. చేతితో విసరినచో ప్రక్కకో వెనుకకో విసరవలయునే గాని ముందునకు విసరరాదు. బంతి గలవానిని ఎదిరిపక్షమువారు పట్టి పడవేయుదురు. వారిని దాటి, అవతలి గీత మీరి, బంతిని నేల కానించిన దానిని 'ట్రై' అందురు. దానికి అయిదు పాయింట్లు. మన చెడుగుడునందు వలెనే ఇందును బలము, వడి, గుండెదిటవు మూడును కావలయును.

లోము 1975 మే 12వ తేదీన ఆక్లండు ప్రాంతమున జన్మించెను. తలిదండ్రులు టోంగా ద్వీపముల నుండి వచ్చినవారు. 1994 జూన్ మాసమున, 19 ఏండ్ల 45 దినముల ప్రాయమున, అతడు ఫ్రాన్సుతో జరిగిన పోటీలో తన దేశము తరఫున ఆడెను. అంత పిన్నవయస్సున ఆ దేశపు జట్టున టెస్టు ఆడినవాడు అంతకు పూర్వము లేడు. ఆరడుగుల అయిదంగుళముల యెత్తును, దానికి దగిన బరువును గలిగియు అతడు తేలికయైన మనిషివలె పరుగెత్తెడివాడు.

1995లో దక్షిణాఫ్రికాయందు ప్రపంచకప్పు పోటీలు జరిగెను. కేప్‌టౌన్ నగరమున ఇంగ్లండుతో జరిగిన ఉపాంత్య పోటీలో లోము ఒక్కడే నాలుగు ట్రైలు సాధించెను. మొదటి ట్రైలో మైక్ క్యాట్ అను ఆటగాడు అడ్డుపడగా, అతనిని త్రొక్కుకొనుచునే గీత దాటెను. నేను ఆ ఆట చలనచిత్రమును పలుమారులు చూచితిని. చూచిన ప్రతిపర్యాయమును ఏనుగు చెరకుతోటలో జొచ్చినట్లే తోచినది. అంతిమ పోటీలో దక్షిణాఫ్రికావారు అతనిని కదలనీయక పట్టి, 15-12 తేడాతో గెలిచిరి. అయినను లోకమంతయు లోము పేరే చెప్పుకొనెను.

ఇక అసలు సంగతి వినుడు. ఆ యేటి చివరనే వైద్యులు అతనికి నెఫ్రాటిక్ సిండ్రోమ్ అను మూత్రపిండవ్యాధి కలదని తేల్చిరి. ఈ వ్యాధియందు రక్తమున నిలువవలసిన మాంసకృత్తులు మూత్రముతో కారిపోవును, ముఖమును కాళ్ళును వాచును, నీరసము కలుగును. మందులు వాడుచు, మధ్యమధ్య ఆట మానుచు, మరల ఆడుచు అతడు ఏండ్లు గడపెను. 1999 ప్రపంచకప్పులో ఎనిమిది ట్రైలు సాధించెను. 2000 సంవత్సరమున సిడ్నీలో లక్షకు పైబడిన ప్రేక్షకుల యెదుట, ఆస్ట్రేలియాపై కడపటి నిమిషములలో ట్రై చేసి జట్టును గెలిపించెను. 63 టెస్టులలో 37 ట్రైలు అతని లెక్క. ఇదంతయు రోగిష్ఠి దేహముతో చేసిన పని యని తలచినపుడు నాకు ఆశ్చర్యము కలుగును.

2002లో అతడు కడపటి టెస్టు ఆడెను. మరుసటి యేడు మూత్రపిండములు పనిచేయక, వారమునకు మూడుమారులు యంత్రముచే రక్తమును శుద్ధిచేయించుకొనవలసి వచ్చెను. దీనినే డయాలిసిస్ అందురు. కాళ్ళలోని నరములు దెబ్బతిని నడకయే కష్టమాయెను. పదుగురిని ఈడ్చుకొనిపోయిన కాళ్ళు అవి!

అప్పుడు గ్రాంట్ కెరియామా యను మిత్రుడు తన మూత్రపిండములలో ఒకదానిని ఇచ్చెను. అతడు వెల్లింగ్టన్ నగరమున రేడియోలో మాటాడువాడు. ఆరోగ్యవంతునికి ఒక్క మూత్రపిండముతో జీవింప సాధ్యమే. అందువలననే ఇట్టి దానము పొసగును. 2004 జూలై మాసమున శస్త్రచికిత్స జరిగెను. మరుసటి యేడే లోము మైదానమునకు తిరిగివచ్చి, వేల్సునందలి కార్డిఫ్ జట్టు తరఫున ఆడెను. జాతీయ జట్టున మరల స్థానము దొరకలేదు. 2007లో ఆట విరమించెను. పరుల అవయవమును దేహము పరాయిదిగానే చూచును. దానిని శాంతింపజేయుటకు నిత్యము మందులు వాడవలయును. ఏడేండ్లు నిలిచిన పిమ్మట, 2011లో ఆ మూత్రపిండము పనిచేయుట మానెను. మరల యంత్రమే గతియాయెను. 2015 నవంబరు 18వ తేదీన, నలువదవ యేట, లోము ఆక్లండులో మరణించెను.

ఆ దానము వ్యర్థమాయెనా యని కొందరు అడుగవచ్చును. కాలేదని నా మనవి. యంత్రమునకు కట్టుబడిన మనిషి ఏడేండ్లు దాని పొంతలేక తిరిగెను, మరల ఆడెను, బిడ్డలకు తండ్రియాయెను. దానమునకు ఫలము శాశ్వతత్వము కాదు. ఒకని దినములను పెంచుటయే.

గ్రామమున మీ మాటకు విలువ కలదు. కండలు తిరిగిన యువకుని కాళ్ళు వాచినను, మూత్రము నురుగు కట్టినను, 'వయస్సులో నున్నాడు, అదే తగ్గు'నని ఊరకుండనీయక వైద్యునికి చూపి మూత్రపరీక్ష చేయింపుడు. బలము పైకి కనబడును. ఈ వ్యాధి కనబడదు. రెండును ఒకే దేహమున నుండగలవని లోము జీవితము చెప్పుచున్నది.