వ్యాపారమునకు ముందు వేయవలసిన లెక్క



పొలము కుదువబెట్టి వ్యాపారము చేయుదునని కుమారుఁడు వచ్చినపుడు వెంటనే ఔననుటయు, కాదనుటయు రెండును తొందరపాటే. ముందతని లెక్కను చూడవలెను.

కృష్ణాజిల్లాలో 1867లో జనించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజన సంస్థను స్థాపించిరి. అంతకు మునుపే కలకత్తాలోను, బొంబాయిలోను పరుల కొలువున నుండి మందుల వర్తకమును నేర్చిరి. పిదప సంగీతసభలలో మందును ఉచితముగా పంచిరి. వాడి చూచినవారే తరువాత కొనువారైరి. పని నెఱుఁగుట మొదటిది. కొనువారి నెఱుఁగుట రెండవది. ఉచితముగా పంచిన సీసాల వెలయు పెట్టుబడిలోనిదే యని మఱువరాదు.

మూడవది రాబడి వచ్చువఱకు ఓర్చుకొను శక్తి. మన డెల్టాలోని బియ్యపు మరనే చూడుఁడు. ధాన్యము కోతల కాలమున కొలఁది వారములలో వచ్చిపడును. బియ్యము ఏడాది పొడుగునను అమ్ముడగును. కావున యంత్రమునకు సొమ్మున్నఁ జాలదు. నిలువ ధాన్యమునకును, కూలికిని, వడ్డీకిని వేఱుగ సొమ్ముండవలెను. అరువిచ్చినది రాకున్నను, ధర పడిపోయినను, మర ఎన్ని నెలలు నిలువఁగలదో వ్రాసి చూపవలెను. లాభపుఁ బద్దు నెవ్వఁడైనను వ్రాయును. నష్టపుఁ బద్దును గూడ వ్రాసినవాఁడే వర్తకుఁడు.

కాఁబట్టి మీ కుమారుని మూడు ప్రశ్నలడుగుఁడు: నాయనా, ఈ పని యెక్కడ నేర్చితివి? కొనువారెవరు? మొదటి యేడు రాబడి లేకున్న ఇల్లెట్లు గడచును? సమాధానములు కాగితముపై నున్నచో దీవించి పంపుఁడు. లేనిచో పొలము దస్తావేజును పెట్టెలోనే యుండనిండు.