నడుమునొప్పి – పాడిపశువు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. అక్కడి కాగితాలలో తరచు కనబడిన పేరు బ్రూసెల్లోసిస్. ఇది సోకిన పశువు నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది. ఇదే జబ్బు మనుషులకూ వస్తుంది.

మాల్టా దీవిలో సైనికుల జ్వరానికి కారణమైన క్రిమిని డేవిడ్ బ్రూస్ 1887లో కనుగొన్నారు. అది మేకపాల ద్వారా వస్తున్నదని 1905లో జామిట్ అనే వైద్యుడు తేల్చారు. పచ్చిపాలు తాగినా, ఈసుకుపోయిన పశువు మాయను ఒట్టి చేతులతో తీసినా సోకవచ్చు.

వచ్చిపోయే జ్వరం, చెమటలు, నీరసం మొదటి లక్షణాలు. తరువాత క్రిమి ఒకచోట తిష్ఠ వేయవచ్చు. ఎక్కువగా నడుము పూసలలో, తుంటి వెనుక కీళ్ళలో చేరుతుంది. మగవారికి ఒకవైపు వృషణం వాచి నొప్పి చేయవచ్చు. మెదడు పొరలకు పాకితే తలనొప్పి, తికమక, వినికిడి తగ్గడం ఉంటాయి. గుండె కవాటాలకు పట్టడం అరుదేగాని, ఈ జబ్బుతో సంభవించే మరణాలకు ముఖ్యకారణం అదే. జ్వరంతోపాటు ఆయాసం వస్తే ఆలస్యం చేయరాదు.

మన వయసులో నడుమునొప్పి అంటే "వయసు" అని సరిపెట్టుకుంటాము. మా వీధిలో గేదెలున్న ఒకాయన నెలల తరబడి తైలం రాసుకున్నారు. రాత్రి చెమటల మాట డాక్టరుకు చెప్పారుగాని, గేదె ఈసుకుపోయినపుడు మాయ తీసిన మాట చెప్పలేదు. అది చెప్పిన రోజునే బ్రూసెల్లా రక్తపరీక్ష రాశారు, జబ్బు తేలింది.

వెన్నుపూసల క్షయ కూడా ఇలాగే కనిపిస్తుంది. రిఫాంపిసిన్ వంటి మందులు రెండింటికీ వాడతారుగాని చికిత్స ఒకటి కాదు. బ్రూసెల్లోసిస్‌కు సాధారణంగా రెండు మందులు కలిపి 6 వారాలు, పూసలకు పడితే కనీసం 12 వారాలు వాడాలి. నడుమ మానేస్తే తిరగబెట్టవచ్చు. రక్తం కల్చరుకు పంపితే అనుమానం సంగతి లాబొరేటరీవారికి తెలపాలి. అక్కడి సిబ్బందికీ సోకే ప్రమాదముంది.

పెయ్యదూడలకు 4–8 నెలల వయసులో టీకా వేయించండి. పాలు కాచి తాగండి.

వెనుకటి కాగితం జతపరచని ఫైలు మీద ఏ ఆఫీసరూ సరైన ఉత్తర్వు వేయలేడు. కనుక తగ్గని నొప్పితో వెళ్ళినపుడు, డాక్టరుగారు అడిగినా అడగకపోయినా, మన ఇంటి పశువు సంగతి చెప్పండి.

సెలవు.