తామారు పక్షమున ఎవరు?

వాక్యభాగము: 2 సమూయేలు 13:1–22

రేడియో ముందు కూర్చున్నవారు ఒక కాగితము, కలము దగ్గర పెట్టుకోండి. ఈరోజు కొన్ని ఫోను నంబర్లు చెబుతాను. పత్రికలో చదువుతున్న మీకు ఆ అవసరం లేదు గాని, ఈ పుట చించి మీ బైబిలులో పెట్టుకున్నా నాకు సంతోషమే.

సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయము మన సంఘాల్లో చాలా అరుదుగా వినబడుతుంది. దావీదు గొల్యాతును కొట్టిన సంగతి సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. దావీదు కుమార్తెకు ఏమి జరిగిందో అడిగితే పెద్దలే తల దించుకుంటారు. ఆమె పేరు తామారు. అమ్నోను ఆమెకు అన్న వరుస. యోనాదాబు ఇచ్చిన దురాలోచనతో రోగిలా పడుకున్నాడు. ఆమెను అక్కడికి పంపినది ఎవరో తెలుసా? కన్నతండ్రి దావీదే. పాపం, అన్నకు ఒంట్లో బాగాలేదని ఆమె పిండి పిసికి అప్పములు చేసి తెచ్చింది. అతడు అందరినీ బయటికి పంపివేశాడు.

ఆమె వద్దన్నది. ఇశ్రాయేలులో ఇలాంటిది జరగరాదన్నది. ఈ అవమానముతో నేనెక్కడికి పోవాలని అడిగింది. అతడు వినలేదు, బలవంతము చేశాడు. తరువాత పనివానిచేత బయటికి గెంటించి తలుపు గడియ వేయించాడు. అప్పుడు తామారు ఏమి చేసింది? తల మీద బూడిద పోసుకొని, రాజకుమార్తెలు తొడిగే ఆ వస్త్రమును చింపుకొని, కేకలు వేస్తూ నడిచి వెళ్లింది. ఆమె దాచుకోలేదు, ప్రియులారా. అది ఫిర్యాదు.

ఆ ఫిర్యాదును ఎవరు తీసుకున్నారు? అబ్షాలోము ఊరుకోమన్నాడు, వాడు నీ అన్నే గదా, మనసులో పెట్టుకోవద్దన్నాడు. దావీదుకు మిక్కిలి కోపము వచ్చింది. అంతే. తండ్రీ ఆయనే, రాజూ ఆయనే, తీర్పు తీర్చవలసినవాడూ ఆయనే. అయినా కోపముతో సరిపెట్టాడు. రెండు సంవత్సరములు ఆ ఇంట ఎవరూ నోరు విప్పలేదు. ఆ తరువాత గొఱ్ఱెల బొచ్చు కత్తిరించే పండుగలో అబ్షాలోము అమ్నోనును చంపించాడు. తామారు మాత్రం అన్న ఇంటిలో దిక్కులేనిదిగా ఉండిపోయింది. అబ్షాలోము తన కూతురికి తామారు అని పేరు పెట్టుకున్నాడని తరువాతి అధ్యాయములో ఉంది. చెల్లెలి మీద ప్రేమ లేదని నేననను. అయితే ఆ ప్రేమ ఆమెకు న్యాయము తేలేదు.

అమ్నోను దారిన పోయే దొంగ కాదు, ఇంటివాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లో, అత్యాచార కేసులు పదింటిలో తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. అందుకే ఇంటిలో ఊరుకోమంటారు, పెళ్లి కావలసిన పిల్ల అంటారు, సంఘము పరువు అంటారు.

తామారుకు లేనిది నేడు మన ఆడపిల్లలకు ఉన్నది. 2024 జూలై 1 నుండి మన దేశములో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉన్నాయి. ఏ పోలీసు స్టేషనుకు వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాలి. మా పరిధి కాదు, పక్క మండలానికి వెళ్లండి అనడానికి వీలులేదు. దానినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఆమె మాటను మహిళా పోలీసు అధికారి రాసుకోవాలి. కాపీ ఉచితముగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును అడగవచ్చు. ఇలాంటి నేరములో ఎఫ్.ఐ.ఆర్. రాయని అధికారికే ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలు శిక్ష ఉన్నది.

ఆసుపత్రి సంగతి ఇంకా ముఖ్యము. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే, ఉచితముగా వైద్యము చేయాలి. ముందు ఎఫ్.ఐ.ఆర్. తెండి అనకూడదు. కాదంటే ఆసుపత్రి నడిపేవారికి ఏడాది వరకు శిక్ష ఉండవచ్చు. పరీక్ష ఆమె ఒప్పుకుంటేనే చేయాలి. రెండు వేళ్ల పరీక్ష అనే ఆ నీచమైన పద్ధతిని ఎవరు చేసినా దుష్ప్రవర్తనే అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. హెచ్.ఐ.వి. రాకుండా మందులు 72 గంటలలోపు మొదలు పెట్టాలి గనుక ఆలస్యము వద్దు. వీలైతే స్నానము చేయకుండా వెళ్లండి. ఆ బట్టలు ఉతకకండి, ప్లాస్టిక్ కవరులో కాక కాగితములో చుట్టండి. అన్నీ అయిపోయి ఏళ్లు గడిచినా ఫిర్యాదు చేయవచ్చు. అత్యాచార నేరమునకు గడువు లేదు.

"అయ్యగారూ, ఆమె కేక వేయలేదు కదా?" అంటారు కొందరు. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని మన చట్టమే స్పష్టముగా చెబుతున్నది. ద్వితీయోపదేశకాండము 22:25–27 చూడండి. పొలములో చిక్కిన ఆ చిన్నదానియందు మరణపాత్రమైన పాపము లేదనీ, ఇది ఒకడు పొరుగువాని మీద పడి చంపినట్టిదనీ మోషే ధర్మశాస్త్రము అంటుంది. చంపబడినవాడిని నువ్వు ఆ సమయములో అక్కడికెందుకు వెళ్లావని ఎవరైనా అడుగుతారా?

మరి కొందరు పెద్దలు మొదటి కొరింథీ 6వ అధ్యాయము తెరుస్తారు. విశ్వాసులు కోర్టుకెక్కకూడదు, సంఘములోనే తీర్చుకోవాలి అంటారు. ఆ అధ్యాయమును నిదానముగా చదవండి. పౌలు అక్కడ మాట్లాడుతున్నది సహోదరుల మధ్య మిక్కిలి అల్పమైన వ్యాజ్యముల గురించి, అన్యాయమును నష్టమును సహించడము గురించి. నేరము చేసినవాని మీద అధికారి ఖడ్గము ఊరకనే ధరించడని రోమా 13లో చెప్పినదీ ఆ పౌలే. తన వంతు వచ్చినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొంటానన్నదీ ఆయనే. క్షమించాలి గదా అంటారా? క్షమాపణ గాయపడినవారు ఇచ్చేది. పెద్దలు కూర్చుని, కొంత డబ్బు ఇప్పించి, ఆమె చేత సంతకము పెట్టించేది కాదు. అత్యాచార కేసులో రాజీకి చట్టములో చోటు లేదు. ఇలాంటి కేసుల్లో పెళ్లి చేసుకోమని గాని, రాజీ పడమని గాని కోర్టులే సూచించకూడదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కోర్టుకే లేని అధికారము మన సంఘ కమిటీకి ఎక్కడిది?

చట్టము ఉన్నంత మాత్రాన న్యాయము దొరుకుతుందని నేను మీకు చెప్పను. 2007 ఆగస్టులో విశాఖ మన్యములోని వాకపల్లిలో 11 మంది గిరిజన స్త్రీలు పోలీసులే తమపై అత్యాచారము చేశారని ఫిర్యాదు చేశారు. విచారణ మొదలవడానికే 2018 వచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు, దర్యాప్తు సరిగా చేయలేదని చెప్పి నిందితులను విడిచిపెట్టింది. పదహారేళ్లు! ఆ తీర్పులోనే, ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా నష్టపరిహారము ఇవ్వాలని కూడా చెప్పింది. మొదటి రోజుల్లో జరగవలసిన పని జరగకపోతే ఏమవుతుందో ఆ ఊరు చెబుతున్నది. నిందితునికి శిక్ష పడకపోయినా పరిహారము అడిగే హక్కు పోదని కూడా చెబుతున్నది. 2018 నాటి జాతీయ పథకము ప్రకారము అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుండి 7 లక్షల వరకు పరిహారము ఉన్నది. కేసు తేలకముందే అందులో కొంత అడగవచ్చు. వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. ఆదాయముతో పని లేకుండా ప్రతి స్త్రీకి, ప్రతి బిడ్డకు ఉచిత న్యాయ సహాయము ఇవ్వాలని 1987 నాటి చట్టములోనే ఉన్నది.

తోటి పాస్టర్లకు ఒక మాట. బాధపడినది పద్దెనిమిదేళ్లలోపు బిడ్డ అయితే, ఆడపిల్ల గానీ మగపిల్లవాడు గానీ, పోలీసులకు చెప్పడము మీ ఇష్టము కాదు. 2012 నాటి పోక్సో చట్టము తెలిసిన ప్రతివాని మీద ఆ బాధ్యత పెట్టింది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. పాస్టరుకు మినహాయింపు లేదు. ఇంకొకటి, ఆమె పేరును ప్రార్థన మనవిగా సంఘము వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బాధితురాలి పేరు ప్రచురించడము రెండేళ్ల వరకు శిక్ష పడే నేరము. దేవునికి పేరు తెలుసు. మీరు చేయవలసినది ఆమెతో బస్సెక్కడము. స్టేషనుకు మీ ఇంట అమ్మగారిని తోడు పంపండి, వాయిదాలకు సంఘములో ఒక సహోదరి వెంట వెళ్లేలా చూడండి. మంచి సమరయుడు పూటకూళ్లవానికి డబ్బులిచ్చి, మళ్లీ వస్తానన్నాడు. ఆ మళ్లీ రావడములోనే చాలామందిమి తప్పిపోతున్నాము.

ఇప్పుడు నంబర్లు రాసుకోండి. ఆపదలో 112. స్త్రీలకు 181, వారు సఖి కేంద్రమునకు కలుపుతారు, అక్కడ వైద్యము, పోలీసు సహాయము, వకీలు, ఉండడానికి కొన్నాళ్లు చోటు ఒకే చోట దొరుకుతాయి. పిల్లలకు 1098. ఉచిత న్యాయ సహాయమునకు 15100. మరొకసారి చెబుతాను: 112, 181, 1098, 15100.

ఈ మాటలు వింటూ, చదువుతూ, ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేని తల్లీ, నీయందు పాపము లేదు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నీవే నిర్ణయించుకో. ప్రార్థన చేసుకుందాము.

ప్రభువా, తలుపు గడియ వేయబడిన తరువాత బయట నిలబడి ఏడ్చిన కుమార్తెను నీవు చూచితివి. ఈ రాత్రి అలా నిలబడియున్నవారి యొద్దకు మాలో ఒకరిని పంపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.