ఇంటి చికాకులు – ఒక పాత గుమాస్తా అనుభవాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకునే రోజు ఇది. పెద్ద విషయాలు పెద్దలు మాట్లాడారు. నాకిచ్చిన అంశం చిన్నది: ఇంట్లో రోజూ ఎదురయ్యే చికాకులు. నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. ఫైలు ఎక్కడినుంచి కదిలిందో చూడనిదే నోటు రాయకూడదని మా సూపరింటెండెంటు గారు నేర్పారు. ఆఫీసులో పాటించిన ఆ సూత్రాన్ని ఇంట్లో మరిచి రెండుసార్లు దెబ్బతిన్నాను. అవే మనవి చేస్తాను.

మొదటిది నీళ్ళ ఫిల్టరు. కోకాపేటలో మా అబ్బాయి ఫ్లాటుకు వచ్చిన కొత్తలో ఒక కుర్రవాడు ఫిల్టరు అమ్మడానికి వచ్చాడు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్ళు, ఇంకో గ్లాసులో తన ఫిల్టరు నీళ్ళు పోశాడు. కరెంటు తగిలించిన కడ్డీలు రెండింటిలోనూ ముంచాడు. కాసేపటికి మా నీళ్ళు ఎర్రటి బురదయ్యాయి. "తాతగారూ, మీరు తాగేది ఇదే" అన్నాడు. గుండె ఝల్లుమంది. పద్దెనిమిది వేలు పెట్టి ఆర్.ఓ. యంత్రం కొనేశాను.

ఆ బురద నీళ్ళలోది కాదని, ఇనపకడ్డీ తుప్పని తరవాత మా మనవరాలు చెప్పింది. నీళ్ళలో కరిగిన లవణాలుంటే కరెంటు పారి ఇనుము తుప్పవుతుంది. ఆర్.ఓ. ఆ లవణాలను తీసేస్తుంది కనుక దాని నీళ్ళు తేటగానే ఉంటాయి. మంచి బావినీళ్ళు పెట్టినా ఈ పరీక్షలో తప్పుతాయి!

మనలో చాలామంది 1920లో కట్టిన గండిపేట చెరువు నీళ్ళు, తరవాత మంజీర నీళ్ళు తాగినవాళ్ళం. ఇప్పుడు నగరానికి కృష్ణా, గోదావరి నీళ్ళూ వస్తున్నాయి. కానీ గండిపేట పక్కనే ఉన్నా, మా అపార్టుమెంటు సంపులో బోర్డు నీళ్ళు, బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు నీళ్ళు అన్నీ కలుస్తాయి. కనుక ముందు అడగవలసింది "ఏ ఫిల్టరు?" అని కాదు, "మన నీళ్ళు ఎక్కడివి?" అని.

కరిగిన లవణాలను కొలిచే టి.డి.ఎస్. మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మన దేశ ప్రమాణం ప్రకారం ఆ లెక్కన మంచిదే. అప్పుడు లవణాల కోసం ఆర్.ఓ. అక్కరలేదు. అయితే మీటరు క్రిములను చూపదు. క్రిములకు కాచి చల్లార్చడమో, యు.వి. ఫిల్టరో కావాలి. సంపు, ట్యాంకు కడిగించడం మానకూడదు. ఆర్.ఓ. ఇప్పటికే ఉంటే, అది బయటికి వదిలే నీళ్ళు పారబోయకండి. ఇల్లు తుడవడానికి, బాత్రూము కడగడానికి పనికివస్తాయి.

రెండోది చీమలు. వంటింటి గట్టుమీద ఎర్రచీమలు బారులు తీరుతుంటే బోరిక్ పొడి తెచ్చి పంచదారలో కలిపి మూలల్లో పెట్టాను. అంతవరకు సరే. మిగిలిన పొడిని ఒక పాత డబ్బాలో పోసి ఉప్పుడబ్బా పక్కన పెట్టాను. మా ఆవిడకు కంటిశుక్లాలు, అప్పటికి ఆపరేషను కాలేదు. మర్నాడు మధ్యాహ్నం, "ఏమండీ, రెండుసార్లు ఉప్పు వేశాను, మజ్జిగకు రుచి రాదేమిటి?" అంది. చూస్తే ఆమె చేతిలో ఉన్నది నా డబ్బా. ఎదురుగా గ్లాసు పట్టుకుని మనవడు నిలబడి ఉన్నాడు.

ఆమె అరచేతిలో వేసుకుని చూసిన చుక్క తప్ప ఎవరూ తాగలేదు. డాక్టరుగారికి చూపిస్తే ప్రమాదం లేదన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. అయ్యా, అమ్మా, చేతులెత్తి చెబుతున్నాను: చీమల మందు, బొద్దింకల మందు, చీమల సుద్దముక్క వంటింట్లో దాచకండి. తెచ్చిన పొట్లంలోనే ఉంచి, పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఎవరైనా మింగితే బలవంతంగా వాంతి చేయించకండి. 108కి ఫోను చేసి, ఆ పొట్లంతో సహా ఆసుపత్రికి వెళ్ళండి.

ఆ తరవాత బుద్ధి వచ్చి చీమల బారు వెంట వెళ్ళాను. అది పంచదార డబ్బా దగ్గర మొదలు కాలేదు. కిటికీ సందులోంచి బాల్కనీలోని మందారం కుండీకి పోయింది. కొమ్మలకు పిండినల్లి పట్టింది. అది విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు చేరాయి. పట్టిన కొమ్మలు కత్తిరించి, చెట్టును సబ్బునీళ్ళతో కడిగి, కిటికీ సందు మూయించాను. చీమలు వాసనతో దారి గుర్తుపెట్టుకుంటాయి కనుక గట్టును కూడా సబ్బునీళ్ళతో తుడిచాం. వారం తిరక్కుండా చీమలు పోయాయి. మందు అక్కరలేకపోయింది.

అదే కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలిచి దోమపిల్లలు కనిపించాయి. డెంగీ దోమ పగలే కుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి దాదాపు వారం చాలు. అందుకే వారానికోసారి ఆ పళ్ళెం పారబోసి, రుద్ది కడుగుతున్నాం.

రిటైరయ్యాక మన దగ్గర సంతకం పెట్టే అధికారం లేదు గానీ, ఫైలు మూలం చూసే అలవాటు ఉంది. అది ఇంటికి పనికివస్తుంది. భయపడి కొనకండి, తొందరపడి చల్లకండి. ముందు మూలం చూడండి.