అత్తగారిల్లు ఎవరిది?

(ఒక మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ హింస గురించి ఎక్కడ మాట్లాడినా సభలోంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: 'ఆడదానికి ఆడదే శత్రువు కదా, మరి అత్తల సంగతేమిటి?' దీన్ని మనం చాలాసార్లు దాటవేశాం. ఈరోజు సూటిగా ఎదుర్కొందాం. ముందు 'అత్త' అన్న మాటనే చూద్దాం.

తెలుగులో అత్త ఒక్కరు కాదు. నాన్న తోబుట్టువు మేనత్త. మేనమామ భార్య అత్త. పెళ్లయ్యాక భర్త తల్లి అత్త, భార్య తల్లీ అత్తే. హిందీలో బువా, మామీ, సాస్ అని వేరువేరు మాటలున్నాయి. మనకు మేనరికం ఆనవాయితీ కాబట్టి అందరూ ఒకే మాటలో ఇమిడారు. మేనత్త కొడుకును చేసుకుంటే మేనత్తే అత్తగారు. మేనమామను చేసుకుంటే అమ్మమ్మే అత్తగారు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట ఇలాంటి పెళ్లిళ్లకు మినహాయింపు ఇచ్చింది.

'పరాయిల్లా? మేనత్త ఇల్లే కదా' అని పిల్లను పంపుతారు. చిన్నప్పుడు జడవేసి ముద్దుచేసిన మేనత్త పెళ్లి తర్వాత మరో మనిషిలా మాట్లాడుతుంది. పిలుపు అదే, మనిషీ ఆమే. మారింది ఆమె స్థానం. అప్పుడు ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? నిందించాల్సింది తండ్రి తోడబుట్టినదాన్నే.

ఇంకొకటి గమనించండి. పండక్కి అల్లుడొస్తే అత్త కొసరి కొసరి వడ్డిస్తుంది, కొత్త బట్టలు పెడుతుంది, ఎక్కడ అలుగుతాడోనని భయపడుతుంది. అదే మనిషి కోడలి దగ్గర అధికారి. గయ్యాళితనం ఆమె స్వభావమే అయితే అల్లుడి ముందు అది ఎక్కడికి పోయింది? సూర్యకాంతం వేసిన గయ్యాళి అత్తలను చూసి తరతరాలు నవ్వుకున్నాం. ఆ గయ్యాళితనం వల్ల లాభపడే మగవాళ్ల గురించి మాత్రం పెద్దగా ఆలోచించలేదు.

టర్కీకి చెందిన స్త్రీవాద సామాజికవేత్త డెనిజ్ కాండియోటి 1988లో దీన్ని పితృస్వామ్యంతో బేరమాడటంగా వివరించింది. కోడలిగా అణిగి ఉన్నందుకు ప్రతిఫలం, కొడుకు పెళ్లయ్యాక మరో కోడలిపై దొరికే పెత్తనం. ఆ పెత్తనం కొడుకు ద్వారా వచ్చింది, కొడుకు కాదంటే పోతుంది.

మనం 'అత్తగారిల్లు' అంటాం. కానీ ఆ ఇంటి దస్తావేజు, పొలం పట్టా ఎక్కువ ఇళ్లలో మగవాళ్ల పేరునే ఉంటాయి. ఆమె పేరు మీద ఉన్నప్పుడు ఏం జరిగిందో చూడండి. 2005 గృహహింస చట్టం కోడలికి ఉమ్మడి నివాసంలో ఉండే హక్కునిచ్చింది. 2006లో సుప్రీంకోర్టు, ఇల్లు అత్తగారిది కాబట్టి కోడలికి ఆ హక్కు లేదంది. ఆ తీర్పును 2020 అక్టోబరులో సుప్రీంకోర్టే తోసిపుచ్చింది. ఇల్లు భర్త బంధువుల పేరున ఉన్నా, అది ఉమ్మడి నివాసమైతే కోడలు ఆ హక్కు అడగవచ్చు. మధ్యలో ఆ పద్నాలుగేళ్లూ అత్తాకోడళ్లు ఒకే కప్పు కోసం కోర్టుల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. భార్యకు నీడ కల్పించాల్సిన కొడుకు పక్కకు తప్పుకున్నాడు.

దీనర్థం అత్తలను వదిలేయమని కాదు. కట్నం కోసం వేధించినా, కొట్టినా శిక్ష పడాల్సిందే. ఒకప్పటి 498ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, ఆమెకూ వర్తిస్తుంది. గృహహింస చట్టం కింద స్త్రీలపై కూడా ఫిర్యాదు చేయవచ్చని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగే కొడుకు కొడితే, గెంటేస్తే ఆ తల్లీ ఇదే చట్టాన్ని ఆశ్రయించవచ్చు. ఈ సంగతి మనం ఎంతమంది అత్తలకు చెప్పాం?

నా కోరిక ఒక్కటే. కౌన్సెలింగుకు ఒక కోడలు వచ్చినప్పుడు 'మీ అత్త ఎలాంటిది?' అని ఆగిపోవద్దు. ఇల్లు ఎవరి పేర ఉంది, కట్నం డబ్బు ఎవరి చేతికి వెళ్లింది, భర్త ఆ సమయంలో ఏం చేస్తున్నాడు, ఇవీ అడిగి రాసుకుందాం. వీలైతే ఆ అత్తతోనూ విడిగా కూర్చుందాం. ఆమె కూడా ఒకనాడు ఆ గుమ్మంలోకి కోడలిగానే వచ్చింది.